ఎంతమందిలో ఎంతమంది? – ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీ



ఈ పూట ఒక చదువు గురించి మాట్లాడుకుందాం. పిల్లలు ఇంటర్ పాసయ్యాక ఇంజనీరింగా, మెడిసినా, ఫార్మసీయా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడతాం కదా. ఆ మాటల్లో ఈ చదువు పేరు రాదు. ఎపిడెమియాలజీ. కరోనా రోజుల్లో టీవీల్లో కొన్నాళ్ళు గట్టిగానే వినిపించింది. తర్వాత మళ్ళీ మరుగున పడిపోయింది.

జబ్బులు ఎవరికి వస్తున్నాయి, ఎవరికి రావడం లేదు, ఎక్కడ వస్తున్నాయి, ఎందుకు వస్తున్నాయి, రాకుండా ఏం చెయ్యాలి అని వెతికే శాస్త్రం ఇది. డాక్టరు ముందు ఒక రోగి కూర్చుంటాడు. ఎపిడెమియాలజిస్టు ముందు ఊరు మొత్తం ఉంటుంది. ఆ ఊళ్ళో జబ్బు ఉన్నవాళ్ళూ ఉంటారు, లేనివాళ్ళూ ఉంటారు. ఇద్దరూ కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. జబ్బు లేనివాళ్ళు కూడా కావాలి. ఈ ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వస్తాను.

నేను చాలాకాలంగా ఈ శాస్త్రం పాఠాలు చెబుతున్నాను. ఇందులో పీహెచ్‌డీ చేసే పిల్లలకి గైడుగా ఉన్నాను. ఈ చదువు ఎవరు చదవచ్చు, ఎన్నేళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో ఏం జరుగుతుంది, ఇవన్నీ చెబుతాను. అయితే ముందుగా మనం శ్రీకాకుళం వెళ్ళాలి.

ఉత్తరాంధ్ర తీరం ఊళ్ళలో చుట్ట తాగే పద్ధతి ఒకటి ఉంది. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆడవాళ్ళలో ఎక్కువ. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటు. 1950ల్లో విశాఖపట్నం డాక్టర్లు ఒక సంగతి గమనించారు. అంగిలికి, అంటే నోటి లోపలి పైభాగానికి, క్యాన్సర్ వచ్చినవాళ్ళు తమ దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. వేరే ప్రాంతాల్లో అది అరుదు. వచ్చినవాళ్ళని అడిగితే చాలామంది అడ్డపొగ తాగేవాళ్ళే.

ఇంకేం, సంగతి తేలిపోయింది అనిపిస్తుంది. కాస్త ఆగండి. ఆసుపత్రికి వచ్చిన వందమందిలో ఎనభైమంది అడ్డపొగ తాగేవాళ్ళే అనుకుందాం. వాళ్ళ ఊళ్ళలో అసలు వందకి ఎనభైమంది ఆడవాళ్ళు తాగుతూ ఉంటేనో? అప్పుడు ఆసుపత్రి లెక్క చూసి ఏమీ చెప్పలేం. తాగేవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఎంతమందికి వచ్చింది? తాగనివాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఎంతమందికి వచ్చింది? ఈ రెండూ తెలియాలి. ఎంతమందిలో ఎంతమంది? ఎపిడెమియాలజీకి ఇదే మొదటి ప్రశ్న. ఎంతమందిలో ఎంతమంది?

ఆ ప్రశ్నకి ఆసుపత్రిలో కూర్చుంటే జవాబు రాదు. ఊరికి వెళ్ళాలి. వెళ్ళారు కూడా. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంతవైద్య పరిశోధకుల బృందం ఒకటి ఉండేది. ఫలీ మెహతా దానికి పెద్ద. వాళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగారు. 10,169 మంది చేత నోరు తెరిపించి చూశారు. అడ్డపొగ తాగేవాళ్ళని చూశారు, మామూలుగా చుట్ట తాగేవాళ్ళని చూశారు, ఏదీ తాగనివాళ్ళనీ చూశారు. 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంగిట్లో మచ్చలు, మార్పులు అడ్డపొగ తాగేవాళ్ళలో చాలా ఎక్కువ అని అప్పుడు గట్టిగా చెప్పగలిగారు. ఆ తర్వాత పొగాకు మానిపించే ప్రయత్నం మొదలైంది. మానమని చెప్పి ఊరుకోలేదు. ఏటేటా మళ్ళీ వెళ్ళి అవే నోళ్ళు చూశారు. ప్రచారం జరిగాక కొత్తగా మచ్చలు రావడం తగ్గిందని కూడా లెక్క తేల్చారు.

ఎపిడెమియాలజీ అంటే ఇది. అనుమానం ఆసుపత్రిలో పుడుతుంది. రుజువు ఊళ్ళో దొరుకుతుంది.

ఇప్పుడు ఇంకో కథ చెబుతాను. ఇది అమెరికాలో జరిగింది. వందేళ్ళు దాటింది. కానీ నా దగ్గరికి పీహెచ్‌డీకి వచ్చే ప్రతి విద్యార్థికీ ముందుగా ఈ కథే చెబుతాను.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అప్పట్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు రేగుతుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి చలిస్తుంది. ప్రాణం పోతుంది. అందరూ అంటురోగం అనుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే ఆశ్రమంలో చాలామందికి వచ్చేది మరి. 1914లో అక్కడి ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ని పంపింది. ఆయన మానసిక చికిత్సాలయాలకి వెళ్ళాడు, అనాథాశ్రమాలకి వెళ్ళాడు. అందరూ రోగుల్ని చూస్తుంటే, ఆయన రోగం రానివాళ్ళని చూశాడు. చికిత్సాలయంలో రోగులకి జబ్బు వస్తోంది. వాళ్ళని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే నర్సులకీ, పనివాళ్ళకీ రావడం లేదు. అంటురోగమైతే వాళ్ళని వదులుతుందా?

తర్వాత ఒక అనాథాశ్రమం చూశాడు. అక్కడ ఇంకా చిత్రం. చిన్నపిల్లలకి జబ్బు లేదు. పెద్దపిల్లలకి లేదు. మధ్య వయసు పిల్లలకే, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకే ఉంది. ఎందుకని వంటగదిలోకి వెళ్ళి చూశాడు. పసివాళ్ళు కదా అని చిన్నపిల్లలకి పాలు ఇస్తున్నారు. పనిచేస్తారు కదా అని పెద్దపిల్లలకి మాంసం పెడుతున్నారు. మధ్యలోవాళ్ళకి రెండూ లేవు. మొక్కజొన్న పిండి, బెల్లప్పాకం, ఇలాంటివే వాళ్ళ తిండి. అది తిండిలో లోపమే గాని అంటురోగం కాదని ఆయన పట్టుకున్నది అక్కడ. ఆశ్రమాల్లో పాలు, మాంసం, పప్పు పెట్టించాడు. జబ్బు తగ్గిపోయింది.

ఆ కథలో జవాబు ఎవరు చెప్పారో చూడండి. జబ్బు రాని నర్సులు చెప్పారు. జబ్బు రాని చిన్నపిల్లలు, పెద్దపిల్లలు చెప్పారు.

ఈ కథలో రెండో మనిషి ఒకాయన ఉన్నాడు. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్. డాక్టరు కాదు. అర్థశాస్త్రం చదివినవాడు. గోల్డ్‌బెర్గర్, ఆయన కలిసి దక్షిణ కరోలినాలో బట్టల మిల్లుల చుట్టూ ఉన్న కూలీల ఊళ్ళకి వెళ్ళారు. ఒక్కొక్క ఇంట్లో పదిహేను రోజులపాటు ఏం కొన్నారో, ఎంత కొన్నారో రాసుకున్నారు. ఇంటి రాబడి ఎంతో రాసుకున్నారు. రాబడి తగ్గేకొద్దీ జబ్బు పెరుగుతోందని తేలింది. ఏ విటమిన్ లోపమో అప్పటికి ఎవరికీ తెలియదు. నయాసిన్ అని 1937లో గాని తెలియలేదు. అప్పటికి గోల్డ్‌బెర్గర్ చనిపోయి ఎనిమిదేళ్ళయింది. విటమిన్ పేరు తెలియకముందే జబ్బును ఆపే దారి తెలిసింది. ఈ శాస్త్రానికి ఉన్న గొప్ప బలం ఇదే అని నా నమ్మకం. కారణం పూర్తిగా తెలిసేదాకా జనం ఎదురుచూడనక్కర్లేదు.

ఈ పెల్లాగ్రా మన దక్కనుకి కూడా కొత్తేం కాదు. జొన్న సంకటి, జొన్నరొట్టె తప్ప వేరే తిండి దొరకని పేదవాళ్ళలో ఇక్కడా ఉండేది. 1960ల్లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన తోటివాళ్ళు హైదరాబాదులో దాని మీద చాలా పనిచేశారు. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థానికి ఇందులో పాత్ర ఉందా అని పరిశోధించారు. వాళ్ళు పనిచేసిన సంస్థే ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలైంది, 1958లో హైదరాబాదుకి వచ్చింది.

అర్థశాస్త్రం చదివినాయన గురించి ఎందుకు చెప్పానంటే, ఈ చదువు డాక్టర్లకే అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మళ్ళీ చెబుతున్నాను, ఎంబీబీఎస్ చదివినవాళ్ళకే కాదు. దంతవైద్యులు రావచ్చు. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళు రావచ్చు. పశువైద్యులు రావచ్చు. ఆయుర్వేదం, ఫార్మసీ చదివినవాళ్ళు రావచ్చు. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, సోషల్ వర్క్, ఆంత్రొపాలజీ చదివినవాళ్ళు కూడా రావచ్చు. డిగ్రీ అయ్యాక చాలామంది ఎంపీహెచ్ చేస్తారు. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, రెండేళ్ళ కోర్సు. ఆ తర్వాత పీహెచ్‌డీ. ఎంబీబీఎస్ వాళ్ళు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి ఇటు వస్తారు.

చేరాలంటే సాధారణంగా పీజీలో 55 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ నియమాల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళు. ఆడపిల్లలకి ఇంకో 2 ఏళ్ళు అదనంగా ఇస్తారు. ప్రసూతి సెలవు 240 రోజులు ఉంది. ఈ సంగతి తెలియక పెళ్ళి కుదరగానే చదువు మానేసిన అమ్మాయిల్ని చూశాను. తల్లిదండ్రులూ, అత్తమామలూ దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ఈ చదువు ఆగక్కర్లేదు. నియమాల్లోనే ఆ వీలు ఉంది.

మరి ఖర్చు? జేఆర్ఎఫ్ పరీక్ష రాసి ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 వస్తాయి. 2023 నుంచి ఈ లెక్క. దాని మీద ఇంటద్దె. సాఫ్ట్‌వేర్ జీతాల పక్కన పెడితే తక్కువే. చదువుకుంటూ ఇల్లు నడుపుకోవడానికి చాలామందికి సరిపోతోంది. చెన్నైలో భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది. తిరువనంతపురంలో శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో అచ్యుత మీనన్ కేంద్రం ఉంది. హైదరాబాదులోనూ ఉన్నాయి. అమెరికా వెళ్ళేవాళ్ళకి పద్ధతి కొంచెం వేరు. మొదటి రెండేళ్ళు క్లాసులు, తర్వాత ఒక పెద్ద పరీక్ష, అది దాటితే పరిశోధన. ఎంఎస్‌లాగా లక్షలు అప్పుచేసి వెళ్ళాల్సిన పని చాలామందికి ఉండదు. యూనివర్సిటీయే పని ఇచ్చి ఫీజు చూసుకుంటుంది. ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరికే సంగతులే కాబట్టి ఇంతటితో వదిలేస్తాను. దొరకని సంగతి చెబుతాను. ఆ ఏళ్ళలో మనిషి ఏం చేస్తాడు?

నా దగ్గర చేసిన ఒక అమ్మాయి గురించి చెబుతాను. నర్సింగ్ చదివి, ఎంపీహెచ్ చేసి వచ్చింది. సొంత ఊరు ఉద్దానం దగ్గర. ఉద్దానం గురించి మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు. చూడ్డానికి పచ్చగా ఉంటుంది. కానీ ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. షుగరు లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి కూడా వస్తోంది. నీళ్ళా? పురుగుమందులా? ఎండలో చెమటోడ్చి పనిచేసి సరిపడా నీళ్ళు తాగకపోవడమా? నొప్పుల మాత్రలా? వంశంలో ఉన్నదా? అన్నిటినీ అనుమానించారు. శ్రీలంకలో ఇలాంటి ప్రాంతం ఉంది. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరుకు కూలీలకి ఇలాగే వస్తోంది. పలాసలో 2023లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. కారణం మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఆ అమ్మాయి మొదటి ఏడాది వచ్చి, ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం కనుక్కుంటానంది. ఆ తపన నాకు నచ్చింది. కానీ ఒక్క మనిషి నాలుగైదేళ్ళలో చెయ్యగలిగిన పని కాదది. పీహెచ్‌డీలో అన్నిటికంటే కష్టమైన పని ఇక్కడే ఉంది. పెద్ద ప్రశ్నని చిన్నది చెయ్యడం. జవాబు దొరికేంత చిన్నది చెయ్యడం. ఆర్నెల్లు దానికే పట్టింది. చివరికి ఆమె తీసుకున్న ప్రశ్న ఇది. ఒక్కసారి రక్తపరీక్ష చేసి జబ్బుందని రాసుకున్నవాళ్ళలో, మూడు నెలలు ఆగి మళ్ళీ చేస్తే, ఎంతమందికి నిజంగా జబ్బుంటుంది? చిన్న ప్రశ్నే. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికం అనాలంటే తేడా మూడు నెలలైనా నిలవాలి. ఎండలో పనిచేసి వచ్చినవాడికి ఆ పూట పరీక్ష తేడాగా రావచ్చు. చాలా సర్వేలు ఒక్కసారి చేసి వెళ్ళిపోతాయి.

ఇక ఊళ్ళో పని. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మనుషుల రక్తం తీసుకునేటప్పుడు వాళ్ళ అంగీకారం ఎలా తీసుకుంటారు, జబ్బు బయటపడితే ఎక్కడికి పంపుతారు, వివరాలు గుట్టుగా ఎలా ఉంచుతారు, అన్నీ రాసివ్వాలి. అది వచ్చాక ఊళ్ళోకి. పొద్దున పదింటికి వెళ్తే ఇళ్ళలో ముసలివాళ్ళు, పసిపిల్లలు తప్ప ఎవరూ లేరు. పనిచేసే వయసువాళ్ళంతా జీడితోటల్లో, కొబ్బరితోటల్లో ఉన్నారు. వాళ్ళకోసం సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ వెళ్ళాలి. అలా వెళ్ళకపోతే ఊరంతా ముసలివాళ్ళే అన్నట్టు లెక్క వస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం గాని, అది గిన్నె అంతటా వేడి సమానంగా తగిలినప్పుడే. ఊరికి వేడి అంతటా ఒకేలా తగలదు.

రోజుకి నీళ్ళు ఎంత తాగుతారు అని అడగాలి. కాగితం మీద లీటర్లు అని ఉంది. ఊళ్ళో ఎవరూ లీటర్లలో తాగరు. "మూడు చెంబులు తాగుతానమ్మా" అంటారు. ఒకరి చెంబు చిన్నది, ఇంకొకరిది పెద్దది. ఈ అమ్మాయి సంచిలో కొలజాడీ ఒకటి వేసుకుని తిరిగింది. ఏ ఇంట్లో ఏ చెంబుతో తాగుతారో ఆ చెంబు తెప్పించి, నీళ్ళు నింపి, జాడీలో పోసి కొలిచింది. ఒక ఇంటి చెంబుకీ ఇంకో ఇంటి చెంబుకీ దాదాపు రెట్టింపు తేడా వచ్చింది. నేను ఆ కొలజాడీ సంగతి వినగానే ఈ పిల్ల పీహెచ్‌డీ పూర్తి చేస్తుందని నిశ్చయించుకున్నాను. ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన పని అది.

ఎప్పటినుంచి నీరసంగా ఉంది అని అడిగితే సంవత్సరం చెప్పలేరు. "తిత్లీ తుఫానుకి ముందా, తర్వాతా?" అని అడిగితే ఠక్కున చెబుతారు. 2018 అక్టోబరులో ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లన్నీ నేలకొరిగాయి. ఆ రోజు అక్కడ ఎవరూ మర్చిపోరు. ఆ ఊరి పిల్ల కాబట్టి అలా అడగాలని ఆమెకి తెలుసు. బయటినుంచి వచ్చినవాళ్ళకి తట్టదు.

ఒకరోజు ఒక పెద్దావిడ విసుక్కుందట. "నాకేటీ రోగం నేదమ్మా. నన్నెందుకు రాసుకుంతన్నావు? పక్కింటోడికుంది, ఆడ్ని రాసుకో." ఈ అమ్మాయి ఆవిడ పక్కనే మంచం మీద కూర్చుని చెప్పింది. "పక్కింటి మావయ్యని రాసుకున్నాను మామ్మా. మీరూ ఆయనా ఒకే బావి నీళ్ళు తాగుతున్నారు కదా. ఆయనకి వచ్చింది, మీకు రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే మీ మనవడికి రాకుండా చూడొచ్చు." ఆవిడ కాసేపు ఆలోచించి చెయ్యి చాపింది. ఎపిడెమియాలజీని ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. జబ్బు లేనివాళ్ళు కూడా కావాలి.

మూడు నెలల తర్వాత ఆ ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాలి. కొందరు విశాఖపట్నమో చెన్నైయో పనికి వెళ్ళిపోయారు. వాళ్ళు పండక్కి వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. కొందరు చనిపోయారు. సర్వే రోజున ఊళ్ళో ఉన్నవాళ్ళనే లెక్కపెడితే చనిపోయినవాళ్ళు లెక్కలోకి రారు. జబ్బు ఎంత గట్టిదైతే అంతగా లెక్కలోంచి జారిపోతుంది. ఈ సంగతి తరగతిలో పాఠంగా చెబితే పిల్లలు తలాడిస్తారు. తాను రక్తం తీసుకున్న మనిషి ఇంటికి మూడు నెలల తర్వాత వెళ్ళి, గోడకి దండ వేసిన ఫొటో చూసినప్పుడు అర్థమవుతుంది.

చివరికి తేలిందేమిటి? మొదటి పరీక్షలో తేడా వచ్చినవాళ్ళలో కొంతమందికి రెండోసారి మామూలుగానే ఉంది. అంటే ఒక్కసారి చేసే సర్వేలు జబ్బుని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అంతే. ఉద్దానం గుట్టు విప్పలేదు ఆ థీసిస్. కానీ ఇకమీదట అక్కడ పరిశోధన చేసేవాళ్ళు ఎవరిని రోగి అనాలి, ఎవరిని అనకూడదు అని తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. ఆ పునాది సరిగా లేకపోతే నీళ్ళదా, మందులదా, ఎండదా తప్పు అని ఎంత వెతికినా దారి తప్పుతాం. పీహెచ్‌డీ విలువ ఇలాగే ఉంటుంది. ఒక గట్టి ఇటుక పెట్టి వెళ్తాం. కొన్నిసార్లు ఎంత వెతికినా సంబంధం లేదని తేలుతుంది. అది కూడా ఫలితమే. ఫలానాది కారణం కాదు అని నిజాయితీగా చెప్పడం వల్ల వెనక వచ్చేవాళ్ళకి ఏళ్ళు కలిసొస్తాయి.

ఈ పనికి ఎంత ఓపిక కావాలో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. ఇది తెలంగాణది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు దగ్గరి పల్లెల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. ఐసీడీఎస్ పథకం, అంటే మన అంగన్‌వాడీ, అప్పుడు ఒక్కొక్క ప్రాంతానికీ విస్తరిస్తోంది. 15 ఊళ్ళకి వచ్చింది. పక్కనున్న 14 ఊళ్ళకి ఇంకా రాలేదు. పుట్టిన పిల్లల బరువులు చూసి, రాసుకుని, అక్కడితో ఆ పరిశోధన ముగిసింది.

పదిహేనేళ్ళ తర్వాత కొందరు పరిశోధకులు ఆ పాత కాగితాలు పట్టుకుని ఆ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళారు. అప్పటికి వాళ్ళు హైస్కూలు పిల్లలు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు అందని ఊళ్ళ పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. అది చిన్న తేడాయే. కానీ వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి పెద్దయ్యాక షుగరుని, గుండెజబ్బుని ప్రభావితం చెయ్యచ్చని దీనివల్ల ఆధారం దొరికింది. 2008లో అది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ 29 ఊళ్ళ మనుషుల్ని ఆ తర్వాత కూడా చూస్తూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రెన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని ప్రపంచంలో ఈ శాస్త్రం చదివేవాళ్ళు దాని గురించి చదువుతారు.

ఇక్కడ కూడా అదే సంగతి. ఉప్మా అందని ఆ 14 ఊళ్ళు లేకపోతే ఈ పరిశోధన లేదు. ఎవరితో పోల్చి చెబుతాం?

ఈ ప్రసంగం వింటున్న పిల్లలకి రెండు మాటలు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలనే కోరిక ఒక్కటే ఉంటే ఈ దారి వద్దు. మూడో ఏడు వచ్చేసరికి ఆ కోరిక ఆవిరైపోతుంది. మీ ఊళ్ళో, మీ వాడలో, మీ ఇంట్లో ఏదో ఒక జబ్బు మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా చేస్తూ ఉంటే రండి. లెక్కలంటే భయం ఉన్నా పర్వాలేదు, అది నేర్పగలం. గుమ్మం ముందు నిలబడి ఓపిగ్గా మాట్లాడే గుణం మాత్రం మేం నేర్పలేం, అది మీతో తెచ్చుకోవాలి. గైడుని ఎంచుకునేటప్పుడు ఆయన పేరు ఎంత పెద్దదో చూడకండి. ఆయన దగ్గర చేసినవాళ్ళని కలిసి, ఎన్నేళ్ళు పట్టింది, మీరు రాసింది ఆయన ఎన్నాళ్ళకి చదివి ఇచ్చేవారు అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు చాలు.

ఉద్యోగాలుంటాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. పరిశోధన సంస్థల్లో, యూనివర్సిటీల్లో, వైద్య కళాశాలల్లో, ప్రభుత్వ ప్రజారోగ్య విభాగాల్లో, అంతర్జాతీయ సంస్థల్లో ఉంటాయి. గుంపులు గుంపులుగా ఉండవు. పని వచ్చినవాళ్ళు ఖాళీగా ఉండగా మాత్రం నేను చూడలేదు. మన దగ్గర ఈ పనికి కొదవా లేదు. పొదిలి, దర్శి ప్రాంతాల ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్య పత్రికల్లో వచ్చింది 1937లో. నల్గొండ ఫ్లోరైడ్ గురించి 1950ల్లో రాశారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతే ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి బృందాలు రావాల్సి వచ్చింది. ప్రతి జిల్లాలో ఈ శాస్త్రం గట్టిగా చదివినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండాలి. ఉద్దానం ప్రశ్నకి జవాబు ఉద్దానం పిల్లలు చెబుతారని నేను ఆశపడుతున్నాను.

ఆఖరుగా, ఈ చదువుతో ఏ సంబంధమూ లేని శ్రోతలకి ఒక విన్నపం. ఎప్పుడైనా మీ ఇంటికి ఒక అమ్మాయో అబ్బాయో వచ్చి, ఆరోగ్యం మీద సర్వే చేస్తున్నాం, పావుగంట కూర్చుంటారా అని అడగచ్చు. ముందు వాళ్ళ గుర్తింపు కార్డు చూడండి. అంగీకారపత్రం చదివి వినిపించమనండి. ఎందుకు చేస్తున్నారో అడగండి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది. కానీ నాకు ఏ జబ్బూ లేదు కదా, నాతో పనేమిటి అని మాత్రం తలుపు వెయ్యకండి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. నిజం చెప్పండి. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తే మళ్ళీ చెప్పండి.